నెల తప్పకముందే మొదలయ్యే పని: తల్లి కడుపులో బిడ్డ ఎదుగుదల

కడుపులో బిడ్డ వయసెంత అని అడిగితే ఇంట్లో ఒక లెక్క చెబుతారు, డాక్టర్ దగ్గర ఇంకో లెక్క ఉంటుంది. ఇంట్లో నెల తప్పిన రోజు నుంచి లెక్కపెడతారు. డాక్టర్ మాత్రం ఆఖరి నెలసరి మొదలైన రోజు నుంచి వారాలు వేస్తారు. నిజానికి అండం, వీర్యకణం కలిసేది ఆ తేదీ తర్వాత సుమారు రెండు వారాలకు. అంటే రిపోర్టులో ఆరు వారాలని ఉంటే బిడ్డ అసలు వయసు నాలుగు వారాలే. 40 వారాల గర్భంలో బిడ్డ ఎదిగేది 38 వారాలు. ఈ సంగతి తెలియకే కొన్ని ఇళ్లలో అనవసరమైన అనుమానాలు పుడతాయి. భర్త గల్ఫ్ నుంచి వచ్చి నెల రోజులే అయింది కదా, ఆరు వారాలని ఎలా రాశారు అంటారు. రిపోర్టు తప్పు కాదు, ఆమె తప్పూ లేదు. లెక్క మొదలుపెట్టిన చోటు వేరు, అంతే.

విడుదలైన అండం ఒక రోజుకు మించి బతకదు. వీర్యకణాలు మాత్రం తల్లి శరీరంలో ఐదు రోజుల దాకా ఉండగలవు. రెండూ కలిసేది గర్భసంచిలో కాదు, దానికి పక్కనున్న అండవాహికలో. తల్లి నుంచి 23, తండ్రి నుంచి 23 క్రోమోజోములు వచ్చి 46 అవుతాయి. బిడ్డ ఆడా మగా అన్నది అప్పుడే తేలిపోతుంది. తల్లి అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. తండ్రి వీర్యకణంలో ఎక్స్ ఉంటే అమ్మాయి, వై ఉంటే అబ్బాయి. వరసగా ఆడపిల్లలే పుడుతున్నారని కోడలిని ఆడిపోసుకునే అత్తగార్లు ఇది తెలుసుకోవాలి. పుట్టకముందే స్కానింగ్‌లో ఆడో మగో చెప్పడం, చెప్పించుకోవడం 1994 చట్టం ప్రకారం నేరం.

కలిసిన కణం ఒకటి రెండై, రెండు నాలుగై చీలుకుంటూ గర్భసంచి వైపు కదులుతుంది. ఆరేడు రోజులకు గర్భసంచి గోడకు అంటుకోవడం మొదలుపెడుతుంది. అక్కడ కుదురుకున్నాక విడుదలయ్యే హార్మోన్‌నే మెడికల్ షాపులో దొరికే ప్రెగ్నెన్సీ కిట్ పట్టుకుంటుంది. అందుకే మరీ ముందుగా పరీక్ష చేస్తే గర్భం ఉన్నా లేదనే చూపిస్తుంది.

మూడో వారంలో పిండం మూడు పొరలుగా మారుతుంది. ఇక్కడి నుంచి చెప్పేది బిడ్డ అసలు వయసు. పై పొర నుంచి చర్మం, మెదడు, నరాలు వస్తాయి. మధ్య పొర నుంచి ఎముకలు, కండలు, గుండె, రక్తం. లోపలి పొర నుంచి పేగుల లోపలి గోడ, ఊపిరితిత్తులు. సుమారు 22వ రోజుకు గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అదే సమయంలో వీపు మీది పొర మడతపడి ఒక గొట్టంలా మూసుకుంటుంది. ఇదే తర్వాత మెదడు, వెన్నుపాము అవుతుంది. 28వ రోజుకల్లా ఆ గొట్టం పూర్తిగా మూసుకోవాలి. కింది భాగం మూసుకోకపోతే బిడ్డ వెన్ను తెరుచుకుని పుడుతుంది. పై భాగం మూసుకోకపోతే మెదడే సరిగా ఏర్పడదు.

28వ రోజు అంటే నెల తప్పి రెండు వారాలు. చాలామంది అప్పటికి డాక్టర్ దగ్గరికే వెళ్లరు. మూడో నెలలో చూపించుకుని ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టేసరికి ఆ గొట్టం మూసుకునే గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పుడే, కనీసం నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలని, మూడో నెల నిండేదాకా ఆపొద్దని డాక్టర్లు చెబుతారు. ఖరీదైన మందేమీ కాదు. షుగర్, ఫిట్స్ ఉన్నవాళ్లకు, ఇంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టినవాళ్లకు ఎక్కువ మోతాదు కావాల్సి రావచ్చు. అది డాక్టరే చెప్పాలి.

చేతులు, కాళ్లు, కళ్లు, చెవులు, మూత్రపిండాలు అన్నిటికీ ఎనిమిదో వారం నిండేసరికి పునాది పడిపోతుంది. బిడ్డ పొడవు అప్పటికి మూడు సెంటీమీటర్లే. ఈ రోజుల్లో మందు ఎంత కీడు చేయగలదో లోకానికి తెలిసింది థాలిడోమైడ్‌తో. 1950ల చివర్లో ఐరోపాలో నిద్రకు, వేవిళ్లకు వాడిన ఈ మాత్ర వల్ల వేలమంది పిల్లలు పొట్టి చేతులతో, కాళ్లతో పుట్టారు. 1961లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. తల్లి అది వేసుకున్నది గర్భంలో ఏ రోజుల్లో అన్నదాన్ని బట్టి బిడ్డకు చెవి దెబ్బతిందా, చేయి దెబ్బతిందా అన్నది మారింది. ఒక్కో అవయవానికి ఒక్కో గడువు ఉంటుందని దాంతో స్పష్టమైంది. కాబట్టి షాపులో అడిగి మాత్రలు తెచ్చుకోవడం ఈ సమయంలో వద్దు. అలాగని థైరాయిడ్, ఫిట్స్, బీపీ మాత్రలు భయపడి సొంతంగా ఆపేయడం ఇంకా ప్రమాదం. గర్భం అని తెలిసిన వెంటనే డాక్టర్‌కు చెబితే అవసరమైతే మందు మారుస్తారు.

మేనరికం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మామ, ఫూఫీ, చాచా, ఖాలా పిల్లల మధ్య పెళ్లిళ్లు మన ఇళ్లలో మామూలే. వాళ్లకు పుట్టే పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు. కాకపోతే తాత ముత్తాతల నుంచి వచ్చిన ఒకే లోపం ఇద్దరిలోనూ దాగి ఉండే అవకాశం బయటి సంబంధం కన్నా ఎక్కువ. తలసీమియా అలాంటిదే. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం బిడ్డకు జబ్బు రావడానికి ఉంటుంది. నిఖా ముందో, కనీసం గర్భానికి ముందో ఒక రక్తపరీక్షతో ఇది తెలుస్తుంది.

ఇక్కడి నుంచి మళ్లీ డాక్టర్ లెక్క. మూడో నెల తర్వాత ముఖ్యంగా పెరగడమే. మాయ ద్వారా ఆక్సిజన్, ఆహారం అందుతాయి, వ్యర్థాలు వెనక్కి పోతాయి. తల్లి రక్తం, బిడ్డ రక్తం మాత్రం కలవవు, మధ్యలో పల్చటి పొర ఉంటుంది. 18 నుంచి 20 వారాల మధ్య చేసే స్కాన్‌లో అవయవాలన్నీ ఒక్కొక్కటిగా చూస్తారు, దాన్ని తప్పించుకోవద్దు. తొలి కాన్పు అయితే కదలికలు తెలిసేది కూడా దాదాపు అప్పుడే. 28 వారాలకు బరువు కిలో అవుతుంది. ఆలోపే చెవులు పనిచేయడం మొదలవుతుంది. పుట్టాక చెవిలో అజాన్ చెప్పేసరికి బిడ్డ అమ్మ గొంతును రెండు మూడు నెలలుగా వింటూనే ఉంటుంది. ఏడో నెల తర్వాత కదలికలు తగ్గినట్టు అనిపిస్తే రేపటిదాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

రంజాన్‌లో రోజా గురించి ప్రతి ఏటా ఇదే ప్రశ్న వస్తుంది. తనకో బిడ్డకో హాని కలుగుతుందనే భయం ఉంటే గర్భిణి రోజా వాయిదా వేసుకునే సడలింపు షరియత్‌లోనే ఉంది. షుగర్ ఉన్నా, రక్తం బాగా తక్కువగా ఉన్నా డాక్టర్‌ను అడగకుండా రోజా పెట్టుకోకూడదు.

అన్నిటికన్నా ఆలస్యంగా సిద్ధమయ్యేవి ఊపిరితిత్తులు. గాలి గదులు ఒకదానికొకటి అతుక్కుపోకుండా లోపల ఒక పల్చటి పూత కావాలి. అది సుమారు 24 వారాలకు మొదలై, 35 వారాల దగ్గర గానీ సరిపడా తయారవదు. నెలలు నిండకుండా కాన్పు వచ్చేలా ఉంటే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చేది ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమవ్వాలనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి 100 కాన్పుల్లో 60కి పైగా ఆపరేషన్లే. అవసరమైన ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది. భర్త సెలవు అయిపోతోందనో, పండగ వస్తోందనో 37వ వారంలోనే కోయించుకోవడం వేరు. వైద్య కారణం లేకపోతే 39 వారాలు నిండేదాకా ఆగితే బిడ్డకు ఊపిరి ఇబ్బంది తగ్గుతుంది.

పుట్టిన క్షణం దాకా ఊపిరితిత్తుల్లో ఉండేది ద్రవమే. మొదటి ఏడుపుతో గాలి లోపలికి వెళ్లి, అక్కడికి రక్తం ఒక్కసారిగా పెరుగుతుంది. గుండె పై గదుల మధ్య ఉన్న కిటికీ లాంటి రంధ్రం మూతపడుతుంది. ఊపిరితిత్తులను తప్పించి రక్తాన్ని మళ్లించే చిన్న నాళం రెండు మూడు రోజుల్లో ముడుచుకుంటుంది. బొడ్డుతాడును కనీసం ఒక నిమిషం ఆగి కోస్తే మాయలో మిగిలిన రక్తం బిడ్డకు చేరుతుంది, తర్వాతి నెలల్లో ఐరన్ లోపం తగ్గుతుంది. బిడ్డ బాగానే ఉంటే ఇలా ఆగమని కాన్పుకు ముందే డాక్టర్‌ను అడగొచ్చు.