శృతిదండము - వినికిడి పరీక్ష

ఒక చెవిని వ్రేలితో గట్టిగా మూసికొని, నోరు తెరువక సన్నగా రాగము తీసి చూడుడు. ధ్వని మూసిన చెవిలోనే హెచ్చుగా వినబడును. కపాలపు ఎముకల గుండా చెవిలో చేరిన ధ్వని బయటికి పోజాలకపోవుటయే ఇందులకు ముఖ్య కారణము. వినికిడి పరీక్షకు ఈ చిన్న వింతయే పునాది.

శృతిదండమును 1711లో లండనులో జాన్ షోర్ అను బాకా వాద్యకారుడు కనిపెట్టెను. అది వాద్యములకు శృతి కూర్చుటకు పుట్టినదేగాని వైద్యమునకు కాదు. 1834లో జర్మన్ శాస్త్రజ్ఞుడు వేబర్, మ్రోగుచున్న శృతిదండమును తలకు ఆనించినపుడు ధ్వని మూసిన చెవివైపునకు మొగ్గునని వర్ణించెను.

1855లో గోటింగెన్‌లోని రిన్నె అను వైద్యుడు మరియొక మెట్టు ఎక్కెను. ఎముక ద్వారా వచ్చు ధ్వని ఆగిపోయిన పిమ్మట, అదే దండమును చెవి యెదుట పట్టినచో ఆరోగ్యవంతునకు తిరిగి వినబడును. కర్ణభేరి, మధ్యచెవిలోని మూడు చిన్న ఎముకలు గాలిలోని ధ్వనిని అంత చక్కగా లోనికి చేర్చును. రిన్నె 1868లో మరణించెను. ఆయన పద్ధతికి విశేష ప్రచారము లభించినది ఆ తరువాతనే.

నేడు నర్సు రోగిని పరీక్షించునపుడు మొదట అతని వెనుక చేయిచాపు దూరమున నిలుచును. పెదవుల కదలిక కనబడరాదు గదా! ఒక చెవిని మూయించి, కొన్ని అంకెలను, అక్షరములను గుసగుసగా పలికి, తిరిగి చెప్పుమనును. అనుమానము కలిగినచో సెకనుకు 512 మారులు కంపించు శృతిదండమును తొలుత నడినెత్తిన, పిదప చెవి వెనుకనున్న ఎముకపై ఆనించుట కలదు.

ఒక చెవి మందగించినవానికి నడినెత్తిన మ్రోగు ధ్వని ఆ చెవిలోనే హెచ్చుగా వినబడినచో, బయటిచెవిలోగాని మధ్యచెవిలోగాని అడ్డంకి యున్నదని ఊహింపవచ్చును. అది గుబిలియే కావచ్చును. తీసివేసిన వినికిడి మరలును. మంచి చెవివైపునకు మొగ్గినచో లోపము లోపలిచెవిలోనో శ్రవణనాడిలోనో యుండవచ్చును. అకస్మాత్తుగా వచ్చిన ఇట్టి చెవుడునకు వెంటనే చికిత్స కావలెను. గుబిలి యని తలచి ఉపేక్షించినచో వినికిడి శాశ్వతముగా పోవచ్చును.

వినికిడి ఎంత తగ్గినదో శృతిదండము కొలువజాలదు. అందులకు ఆడియోమీటరు కలదు. కాని ధ్వని ఎచ్చట ఆగినదను ప్రశ్నకు, ఏ రోగిని ఆలస్యము చేయక వైద్యుని కడకు పంపవలెనను ప్రశ్నకు, ఒక వాద్యకారుని పనిముట్టు నేటికిని తొలి సమాధానము చెప్పుచున్నది.