మంటను కనిపెట్టే కన్ను

చాలా రోజులుగా వ్రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్న విషయమిది. కథలకూ కవితలకూ అలవాటుపడిన మిత్రులు, ఈ బర్నర్ల గోల మనకెందుకని విసుక్కోకుండా కాస్త ఓపిక పడితే సంతోషిస్తాను. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం బాయిలర్ల పక్కన, వాటి మంటలు ఎందుకు ఆరిపోతున్నాయో వెతకడంలోనే గడిచింది. ఆ మంటను అహర్నిశలూ కనిపెట్టి ఉండే చిన్న పరికరానికి పెద్ద చరిత్రే ఉన్నది. పేరు మాత్రం కర్మాగారాల్లో ‘స్కానర్’ అనే అంటారు. ‘జ్వాలాదర్శిని’ అని నేనొక మాట కట్టుకున్నాను గానీ, పాల్మాకులలో ఏ ఫిట్టరు దగ్గర ఆ మాటన్నా నవ్విపోతాడు. కనుక స్కానరే.

మొదట్లో ఆ కన్ను మనిషిదే. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాము రైలు వచ్చింది. 1916లో గద్వాల దాకా మరో దారి పడి, శంషాబాదు పక్కనున్న ఉందానగరు మీదుగా పొగబండ్లు నడిచాయి. ఇంజనులో ఫైర్‌మన్ బొగ్గు వేస్తూ, తలుపు తెరిచినప్పుడల్లా మంట రంగు చూసుకునేవాడు. బొగ్గుకు ఒక మంచి గుణం ఉన్నది. అది ఉన్నపళంగా ఆరదు. మంట తగ్గినా నిప్పులు మిగులుతాయి, మనిషికి వ్యవధి దొరుకుతుంది. చమురూ వాయువూ ఆ వ్యవధినివ్వవు. మంట ఆరిన క్షణం నుంచీ కాలని ఇంధనం కొలిమిలో నిండుతూనే ఉంటుంది. ఇంకా ఎర్రగా ఉన్న ఇటుక ఒక్కటి చాలు, ఆ నిండినదంతా ఒక్కసారే అంటుకోవడానికి.

బాయిలరు పేలింది అనగానే జనం ఆవిరి పీడనమే అనుకుంటారు. మన చట్టాలూ ఆ భయంలోంచే పుట్టాయి. 1863లో కలకత్తాలో ఒక బాయిలరు పేలి పలువురు మరణిస్తే, మరుసటి ఏడు బెంగాలులో చట్టం వచ్చింది. దేశమంతటికీ కలిపి 1923లో, దాని స్థానంలో 2025లో కొత్తది. కొలిమి పేలుడు వేరు. అక్కడ పగిలేది నీటి గొట్టం కాదు, అంటుకునేది పోగుపడిన ఇంధనం. రెండింటినీ ఒకటిగా చూడడం మంచిది కాదని నా అభిప్రాయం.

మనిషి కంటిని మార్చి యంత్రపు కన్ను పెట్టాలన్న ప్రయత్నంలో మొదటి ఉపాయం వేడిని కొలవడం. 1821లో సీబెక్ గమనించిన సంగతి ఆధారంగా, రెండు లోహాల అతుకును చిన్న మంటలో ఉంచితే పుట్టే విద్యుత్తు వాయువు కవాటాన్ని తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరితే అతుకు చల్లబడి కవాటం మూసుకుంటుంది. ఇంట్లో గీజరుకు ఇది చాలును. కానీ చల్లబడడానికి పదుల సెకన్లు పట్టవచ్చు. పెద్ద బర్నరుకు ఆ జాప్యం మృత్యువే. అక్కడ నాలుగు సెకన్లలోపే ఇంధనం ఆగాలి.

రెండో ఉపాయం నాకు మహా ఇష్టం. మంటలో విద్యుదావేశం గల కణాలుంటాయి, అందుచేత మంట గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. మంటలోకి ఒక కడ్డీ దూర్చి, దానికీ బర్నరు తలకూ నడుమ ఏకాంతర విద్యుత్తు పెడతారు. కడ్డీ చిన్నది, బర్నరు తల విశాలమైనది. ఎలెక్ట్రాన్లు చురుకైనవి, అయాన్లు మందమైనవి. ఈ తేడాల వల్ల ప్రవాహం ఒక దిక్కుకే ఎక్కువగా సాగి, కొన్ని మైక్రో ఆంపియర్ల ఏకముఖ విద్యుత్తు మిగులుతుంది. ఇందులో గడుసుదనం చూడండి: కడ్డీ మీద మసి పట్టినా, చెమ్మ చేరినా విద్యుత్తు కారుతుంది గానీ అది రెండు దిక్కులా సమంగా కారుతుంది. యంత్రం దాన్ని మంట అని నమ్మదు. అబద్ధానికీ నిజానికీ తేడా పట్టుకునే ఈ ఏర్పాటు చేసినవారికి నమస్కరించాలనిపిస్తుంది.

మూడోది కాంతి. పరారుణ కాంతిని చూసే కన్ను ఎర్రని ఇటుకను చూసి మోసపోగలదు. అందుకని మంట రెపరెపలను మాత్రమే లెక్కలోకి తీసుకునేలా దాన్ని తయారు చేశారు. అతినీలలోహిత కాంతిని చూసే గొట్టం వేరే వంశానిది: 1928 నాటి గైగర్-ముల్లర్ గొట్టానికి దగ్గరి చుట్టం. అది చూసే సన్నని పట్టీ, సుమారు 185 నుంచి 260 నానోమీటర్ల దాకా, సూర్యకాంతిలో నేలను చేరదు. పైన ఓజోను మింగేస్తుంది. మే నెల ఎండ కూడా దాన్ని మోసగించలేదన్నమాట. కానీ వెలిగించే నిప్పురవ్వ మోసగిస్తుంది, పక్కన వెల్డింగు చేస్తే మోసపోతుంది, ఇటుక మరీ తెల్లగా కాగితే సందేహంలో పడుతుంది. పాతబడిన గొట్టం మంట లేకపోయినా ‘ఉన్నది’ అనే చెప్పే ప్రమాదమూ ఉన్నది. అందుకే రోజుల తరబడి ఆగకుండా నడిచే బర్నర్లలో గొట్టం ముందు ఒక రెప్ప పెట్టి, అప్పుడప్పుడు మూసి చూస్తారు. రెప్ప మూసినా మంట కనబడుతోందంటే ఆ కన్ను చెడినట్టే!

ఇక పాల్మాకుల సంగతి. బెంగుళూరు రహదారి మీద అటువైపున్న ఒక కర్మాగారానికి నన్ను పిలిపించారు. బర్నరు పెద్ద మంట మీద బాగానే ఉంటుంది, చిన్న మంటకు దిగగానే ఆగిపోతుంది. గొట్టం మార్చారు, అద్దం తుడిచారు, తీగలు మార్చారు. నేను వెళ్ళేసరికి రాత్రి షిఫ్టు కుర్రాడు స్కానరును గూటిలోంచి ఊడదీసి, దాని ముందు సిగరెట్టు లైటరు వెలిగించి పట్టుకున్నాడు. యంత్రం అంత తెలివితక్కువది కాదు. మొదలుపెట్టేటప్పుడే మంట కనిపిస్తే మొరాయిస్తుంది. అది తెలిసే, సరిగ్గా ఇంధనం తెరుచుకునే వేళకు లైటరు ఎత్తడం నేర్చుకున్నాడు. ఇంధనం నిండుగా పోతోంది. లోపల మంట ఉన్నదో లేదో చూసేవాడే లేడు.

“సార్, ఉత్పత్తి ఆగితే మా సూపర్‌వైజరు ఊకోడు” అన్నాడు.

“ఊకోకపోతే నాతో మాట్లాడమను. ముందు ఆ లైటరు ఇటియ్యి బాబూ” అన్నాను.

చేతి కవాటం మూయించి, కొలిమి నిండా గాలి నాలుగు మార్లు మారేదాకా ఫ్యాను నడిపించి, ఆ తరువాతే వెతకడం మొదలుపెట్టాను. అంతకుముందు నెలలో ఇటుకల మరమ్మతు జరిగిందట. బిగించేటప్పుడు స్కానరు గొట్టం కాస్త పక్కకు వాలి, మంట కొసను చూస్తోంది. అతినీలలోహిత కాంతి దండిగా ఉండేది మంట మొదట్లో, మొదటి మూడోవంతులో. పెద్ద మంటలో కొస కూడా సరిపోయింది, చిన్న మంటలో చాలలేదు. రెండు బోల్టులు వదులు చేసి, గొట్టాన్ని మంట మొదటివైపు తిప్పి, చిన్న మంట మీదే మీటరు ముల్లు చూస్తూ బిగించాం. ఆ తరువాత కావాలని ఇంధనం ఆపి, ఎన్ని సెకన్లకు కవాటం పడుతుందో గడియారం పట్టి చూశాం. మూడు లోపే.

లాగ్‌బుక్కులో ఉష్ణోగ్రతకూ పీడనానికీ గడులున్నాయి గానీ స్కానరు సంకేతానికి గడి లేదు. సంకేతం ఒక్కరోజులో పడిపోలేదు, మరమ్మతు నాటి నుంచే తక్కువగా ఉండి ఉంటుంది. వ్రాసిపెట్టి ఉంటే మొదటి షిఫ్టులోనే కనిపించేది. స్కేలుతో ఆ కుర్రాడి చేతనే కొత్త గడి గీయించి, ఆ రాత్రి అంకెను అతని చేతనే వేయించాను.