కరిసల్ సీమలో దంతరక్షణ: పుల్ల, నీరు, బెల్లం

మానవ శరీరంలో ఎముకకన్నా గట్టిది పంటి పైభాగాన్ని కప్పి ఉంచే ఎనామిల్ పొర. అందులో దాదాపు 96 శాతం ఖనిజమే కావడం, జీవకణమన్నది లేకపోవడం వల్ల, విరిగిన ఎముక అతుక్కున్నట్లు అరిగిపోయిన ఎనామిల్ మళ్లీ పుట్టదు. పంటికి పట్టిన మచ్చ గాని, పడిన గుంట గాని జీవితాంతం నిలిచిపోతుంది కనుక, ఒక ప్రాంతపు ప్రజలు ఏ నీరు తాగారో, ఏమి తిన్నారో, నోటిని ఎలా శుభ్రం చేసుకున్నారో వారి పలువరుసలే తెలియజేస్తాయి. తమిళనాడులో కోవిల్‌పట్టి, విరుదునగర్ పట్టణాల చుట్టూ పరుచుకున్న నల్లరేగడి నేలను అక్కడివారు కరిసల్ అంటారు. ఆ సీమలో దంతరక్షణ చరిత్ర పుల్ల, నీరు, బెల్లం అనే మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

విజయనగర రాజ్యకాలంలోను, 1529 నుండి 1736 వరకు సాగిన మధుర నాయకుల పాలనలోను తెలుగు కుటుంబాలు అనేకం దక్షిణానికి తరలివెళ్లాయి. కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకర్లు కరిసల్ పల్లెల్లో సేద్యానికి దిగగా, రాజు కులంవారు రాజపాళయంలో స్థిరపడ్డారు. కోవిల్‌పట్టి సమీపంలోని ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్, ఈ వలసదారుల జీవితాన్ని చిత్రించిన ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. వానను నమ్ముకొని పత్తి, సజ్జ, జొన్న పండించిన ఆ పల్లెల్లో వేప, నల్లతుమ్మ, మర్రి చేతికందే చెట్లు. పళ్లు తోముకునే పుల్ల వాటినుండే వచ్చేది. మర్రి, తుమ్మ పళ్లకు బలమని చెప్పే సామెత తమిళుల నోట నేటికీ వినిపిస్తుంది.

ఈ ఆచారం చాలా ప్రాచీనమైనది. పళ్లపుల్ల పన్నెండు అంగుళాల పొడవు, చిటికెనవేలి లావు ఉండాలని సుశ్రుతసంహిత నిర్దేశించింది. ఇక్కడ అంగుళమంటే వేలి వెడల్పు. చేదు చెట్లలో వేప, వగరు చెట్లలో చండ్ర మేలైనవని కూడా ఆ గ్రంథం చెప్పింది. బౌద్ధ వినయపిటకం భిక్షువులకు పళ్లపుల్లను అనుమతించగా, ఏడవ శతాబ్దిలో భారతదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్ ఇక్కడివారు పుల్లలు నమిలే అలవాటును నమోదు చేశాడు. పుల్ల కొనను నమిలితే పీచు విడివడి కుంచెలా మారి పంటి పాచిని, అంటే సూక్ష్మజీవులు అల్లుకున్న జిగట పొరను, తొలగిస్తుంది. వేపలోని చేదు పదార్థాలు ఆ సూక్ష్మజీవుల పెరుగుదలను కొంత అడ్డుకుంటాయి. అయితే దవడపళ్ల లోపలివైపుకు, పళ్ల సందుల్లోకి పుల్ల సరిగా చేరదు. పుల్లకు తోడుగా వాడిన బొగ్గుపొడి, ఇటుకపొడి పళ్లను తెల్లగా చేస్తున్నట్లు కనిపిస్తూనే ఎనామిల్‌ను అరగదీస్తాయి కనుక, పాత అలవాట్లన్నిటినీ ఒకే గాటన కట్టి మెచ్చుకోవడం తగదు.

ఎంత శ్రద్ధగా తోమినా పోని మచ్చలకు కారణం నీటిలో ఉంటుంది. పంటి మొగ్గ చిగురులోపల రూపుదిద్దుకునే బాల్యంలో, ముఖ్యంగా ఎనిమిదేళ్లలోపు, ఫ్లోరైడ్ అధికంగా ఉన్న నీరు తాగితే ఎనామిల్ సరిగా గట్టిపడక సున్నపు రంగు చారలు, తర్వాత గోధుమరంగు మచ్చలు ఏర్పడతాయి; దీన్నే దంత ఫ్లోరోసిస్ అంటారు. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో వైద్య పరిశోధకుడు షార్ట్, ఆయన సహచరులు తొలిసారి వివరించినది నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలోనే. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని, వేరే ఆధారం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం. భూగర్భజలాల్లో ఈ హద్దు దాటిన ప్రాంతాలున్న జిల్లాల్లో విరుదునగర్ ఒకటి. నీటిని కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. పటిక, సున్నం కలిపి దాన్ని అడుగుకు దింపే పద్ధతి నల్గొండ పేరుతోనే ప్రసిద్ధి పొందింది. కోవిల్‌పట్టికి గొట్టాల ద్వారా వచ్చే తామ్రపర్ణి జలం వంటి నదీజల పథకాలు దాహం తీర్చడంతోపాటు, బోరునీటిపై ఆధారపడటాన్ని తగ్గించి పిల్లల పళ్లను కూడా కాపాడగలవు.

మూడవది బెల్లం. కరిసల్ వేరుశనగను బెల్లపు పాకంలో కలిపి చేసే కోవిల్‌పట్టి కడలై మిట్టాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. వేరుశనగ పుష్టినిచ్చే ఆహారమే. పళ్లకు అంటుకొని చాలాసేపు నిలిచే పాకంతోనే ఇబ్బంది. నోటిలోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లంగా మార్చినప్పుడు ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, ఖనిజాన్ని తిరిగి చేర్చడానికి కొంత సమయం పడుతుంది. రోజంతా కొంచెం కొంచెంగా తీపి చప్పరించేవారి నోటిలో లాలాజలానికి ఆ వ్యవధి దొరకదు కనుక పుచ్చు ఏర్పడుతుంది. తీపిని భోజనంతోపాటు తిని, వెంటనే నీటితో పుక్కిలించడం ఆ మిట్టాయిని వదులుకోనవసరం లేని జాగ్రత్త.

పాలపళ్లు ఎలాగూ ఊడిపోతాయన్న నిర్లక్ష్యం కూడా ప్రమాదకరమే, ఎందుకంటే ఆ ఇరవై పళ్ల వేళ్ల కిందనే శాశ్వత దంతాలు తయారవుతుంటాయి; పాలపంటి వేరుకు చేరిన చీము వాటికి హాని చేయగలదు. ఫ్లోరైడ్ హద్దు మీరితే పంటిని చెరిచినా, టూత్‌పేస్టులో తగిన మోతాదులో ఉంటే ఎనామిల్‌ను గట్టిపరుస్తుంది. అందుచేత పెద్దలు రోజుకు రెండుసార్లు, అందులో ఒకసారి నిద్రకు ముందు, దానితో తోముకోవాలి. చిన్నపిల్లలకు కొద్దిగానే పెట్టి, మింగకుండా ఉమ్మించాలి. తోముకోవడం ఇంటివారి పని, పిల్లలకు మంచినీరు అందించడం ప్రభుత్వం పని. ఈ రెంటిలో ఏది లోపించినా రెండవది దాని లోటును తీర్చలేదన్నదే కరిసల్ సీమ చరిత్ర నేర్పే పాఠం.