మల్కిభరాముని తెలుగు ఋణము



అతిథి యను మాటకు తిథి లేనివాడని మన పెద్దలు అర్థము చెప్పుదురు. ఫలానా దినమున వచ్చెదనని కబురంపి వచ్చువాడు చుట్టము. కబురు లేక వచ్చి వాకిట నిలుచువాడు అతిథి. అట్టివాని కులగోత్రముల నడిగి, పిమ్మట విస్తరి వేయుట మర్యాద కాదని మన ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. ఇది వినుటకు ఇంపైన మాట. కాని రాజ్యములు ఒండొంటితో పోరాడుచున్న కాలమున, పగవాని కుమారుడు, అందులోను పరమతస్థుడు, వాకిట వచ్చి నిలిచినప్పుడు ఈ ధర్మము నిలిచెనా? నిలిచినచో దానివలన ఎవరికేమి ఫలము కలిగెను? ఈ ప్రశ్నలకు సమాధానము మన తెలుగుదేశపు చరిత్రలోనే యున్నది. గోలకొండ సుల్తానగు ఇబ్రహీము కుతుబుషాహు కథను ఈ దినమున మీకు మనవి చేసెదను. ఇతనినే మనవారు మల్కిభరాముడని పిలిచిరి.

గోలకొండలో కుతుబుషాహీ రాజ్యమును నెలకొల్పినవాడు సుల్తాను కులీ. ఇతడు పారసీక దేశమునుండి దక్కనుకు వచ్చి, బహమనీ సుల్తానుల కొలువులో పైకి వచ్చి, ఆ రాజ్యము చీలిపోయినప్పుడు తెలంగాణమున స్వతంత్రుడయ్యెను. 1543లో, మిక్కిలి వృద్ధుడై యున్న సుల్తాను కులీ హతుడయ్యెను. ఆ హత్యను చేయించినవాడు పరాయివాడు కాడు, కన్నకొడుకగు జంషీదు. జంషీదు తన యన్నయగు కుతుబుద్దీనుని కన్నులు తీయించి సింహాసన మెక్కెను. కడగొట్టు తమ్ముడగు ఇబ్రహీము అప్పుడు దేవరకొండ దుర్గమున నుండెను. తండ్రికిని అన్నకును పట్టిన గతి తనకును తప్పదని యెరిగి, కొలదిమంది పరివారముతో అతడు దేశము విడిచెను.

మొదట అతడు బీదరుకు పోయెను. అచటి ప్రభువు అతని మతమువాడే. కాని అచట అతనికి క్షేమము కుదరలేదు. పిమ్మట దక్షిణముగా మరలి, కృష్ణాతుంగభద్రలు దాటి, విజయనగరము చేరెను. తన తండ్రి పలుమారు కత్తి దూసిన రాజ్యమది. స్వమతస్థుని నగరమున దొరకని నీడ పరమతస్థుని నగరమున దొరకెను.

అప్పుడు విజయనగరమున పేరునకు సదాశివరాయలు చక్రవర్తి. అధికారమంతయు కృష్ణదేవరాయల అల్లుడగు అళియ రామరాయలది. రామరాయలు తన యౌవనమున కొంతకాలము సుల్తాను కులీ కొలువున నుండెననియు, ఒక యుద్ధమున వెనుదిరిగినందుకు అచట ఉద్యోగము పోగొట్టుకొని కృష్ణరాయలను చేరెననియు ఒక పారసీక చరిత్ర చెప్పుచున్నది. అదియే నిజమైనచో, తన్ను వెళ్లగొట్టిన యజమాని కొడుకే తన్ను శరణు వేడ వచ్చినట్లు. పగ తీర్చుకొనుటకు అంతకంటె అదను కలదా? రామరాయలు ఆ పని చేయలేదు. వచ్చినవానికి జాగీరిచ్చి, గౌరవముతో సుమారు ఏడేండ్లు కాపాడెను.

ఇందు రాజనీతి యేమియు లేదని నేననను. పొరుగు రాజ్యపు వారసుడు తన యొద్ద నుండుట ఏ రాజునకైనను లాభమే. అన్నకు వెరచి వచ్చిన విభీషణుని చేర్చుకొనునప్పుడు కూడ వానరవీరులు మంచిచెడ్డలు విచారించిరి గదా! అయినను ఏడు సంవత్సరములు చిన్న కాలము కాదు. లాభమునకై యుంచుకొన్నవానికి కావలి పెట్టుదురు. చుట్టమువలె నుంచుకొన్నవానిని సభకు పిలుతురు. రామరాయల వంశము భట్టుమూర్తివంటి మహాకవులు ఆశ్రయించిన వంశము. ఆ ఏడేండ్ల వాసముననే ఇబ్రహీమునకు తెలుగు కవిత్వముపై మక్కువ కుదిరెనని చరిత్రకారులు తలంతురు.

ఆ నగరమున మహమ్మదీయునకు ఆదరణ దొరకుట రామరాయలతోనే మొదలైనది కాదు. నూరేండ్లకు పూర్వమే, రెండవ దేవరాయల కాలమున, 1439లో, అహమ్మదుఖానను అధికారి అచట ఒక మసీదు కట్టించెను. హంపి శిథిలముల నడుమ అది నేటికిని నిలిచి యున్నది. అచటి శాసనమున ఆ కట్టడమును ధర్మశాల యని పేర్కొని, దేవరాయలకు పుణ్యము కలుగుటకై దానిని కట్టించినట్లు వ్రాయించెను. తాను నమాజు చేయు చోటివలన కలుగు పుణ్యమును విరూపాక్షుని కొలుచు రాజునకు ధారపోసిన వాని మనసు ఎట్టిదో పెద్దలు ఊహింపవలెను. దీనికి మతశాస్త్రములలో ప్రమాణము వెదకుట పండితుల పని. తిన్న యన్నమునకు కృతజ్ఞత చూపుటకు ప్రమాణ మక్కరలేదు.

ఇక కథకు వత్తము. 1550లో జంషీదు మరణించెను. పసివాడగు అతని కొడుకును గద్దెపై నుంచి ఇతరులు అధికారము నడపసాగిరి. అప్పుడు గోలకొండ రాజ్యపు కోటలలోనున్న తెలుగు నాయకవాడీలును, వారిలో ముఖ్యుడగు జగదేవరావును ఇబ్రహీము పక్షమున నిలిచిరి. అతడు విజయనగరము వీడి, కోయిలకొండ దుర్గమునకు వచ్చి, వారి విధేయతను గైకొని, ఆ యేటనే గోలకొండలో పట్టమెక్కెను. ప్రాణము కాపాడినది హిందూరాజు. రాజ్యమున నిలిపినది హిందూ నాయకులు.

ఇబ్రహీము 1580 వరకు, ముప్పది యేండ్లు, రాజ్యమేలెను. ఆ కాలమున గోలకొండ కొలువు తెలుగు కవులకు పుట్టినిల్లయ్యెను. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమను ప్రబంధమును ఇతనికి అంకితమిచ్చెను. కందుకూరి రుద్రకవికి ఇతడు చింతలపాలెమును అగ్రహారముగా నిచ్చెనని ప్రసిద్ధి. ప్రభువు నడచిన త్రోవనే అధికారులును నడచిరి. పటంచెరువు నేలిన అమీనుఖాను పొన్నికంటి తెలగనార్యునివలన యయాతిచరిత్రమును అంకితము గొనెను. అది అచ్చతెలుగు కావ్యములలో మొదటిది. అచ్చతెలుగనగా తత్సమములను విడిచి, తద్భవములతోను దేశ్యములతోను నడచు భాష. సంస్కృతపు మాట తగులకుండ కావ్యమంతయు నడపుట ఎంత కష్టమో పద్యము కట్టినవారికి తెలియును. అట్టి తొలి సాహసమునకు కృతిపతి ఒక మహమ్మదీయుడు.

ఇచట ఒక సంగతిని పెద్దలు గమనింపవలెను. మన కవులు కృతిని కన్యకగా భావింతురు. కృతి నంకితమిచ్చుట కన్యాదానమువంటిది, కృతిపతి అల్లునివంటివాడు. ఎవరికి బడితే వారికి పిల్ల నియ్యము. కొందరు కవులు రాజులకు సహితము ఇయ్యనొల్లక దేవునికే యిచ్చుకొనిరి. అట్టి సంప్రదాయమున పుట్టిపెరిగిన గంగాధరుడు, శివుని పేరు గలవాడు, భారతమునందలి కథను, సూర్యుని కూతురగు తపతి పెండ్లి కథను, ఒక ప్రవక్త పేరు ధరించిన ప్రభువునకు అర్పించెను. పెండ్లి సంబంధమునకు ఇరువైపులవారును ఒప్పుకొనవలెను. కవి మతము మారలేదు. ప్రభువు మతము మారలేదు. అయినను వారి నడుమ ఒక చుట్టరికము కుదిరెను. దానికి కన్యక మన తెలుగు.

ఇక చేదుమాట చెప్పవలసి యున్నది. బడిలో ఈ ఘట్టమును చెప్పునప్పుడెల్ల, "అయ్యవారూ, ఉప్పు తిన్న ఇంటిమీదికి ఆయన దండెత్తినాడు గదా?" అని ఎవరో యొక పిల్లవాడు అడుగకమానడు. 1565 జనవరిలో, కృష్ణానది యొడ్డున, రాక్షసితంగడి యనియు తళ్లికోట యనియు పేరుపడిన యుద్ధము జరిగెను. విజాపురము, అహమ్మదునగరము, బీదరు, గోలకొండ సుల్తానులు నలువురు ఒక్కటై రామరాయలపై నడచిరి. వారిలో ఇబ్రహీము నుండెను. వృద్ధుడగు రామరాయలు పట్టుబడగా అహమ్మదునగరపు హుసేను నిజాముషాహు అతని శిరస్సు ఖండింపించెను. విజయనగరము పాడుపడెను.

దీనిని మతయుద్ధమని చెప్పుట సులభము. కాని విషయములు అట్లు లేవు. అంతకు కొలది సంవత్సరముల క్రిందటనే రామరాయలును విజాపుర సుల్తానును కలసి అహమ్మదునగరముపై దండెత్తిరి. ఆ దండులో ఇబ్రహీమును ఉండెను. రామరాయలు ఒక సుల్తానుపై నొక సుల్తానును ఉసిగొల్పుచు, అందరి పొలిమేరలను కొంచెము కొంచెముగా కొరుకుచు వచ్చెను. గోలకొండ సరిహద్దు దుర్గములను కూడ విడువలేదు. ఇబ్రహీమునకు పట్టము కట్టిన జగదేవరావే పిమ్మట అతనితో చెడి, విజయనగరమున చేరెను. రామరాయల సేనలో మహమ్మదీయులుండిరి. సుల్తానుల సేనలలో హిందువులుండిరి. అది భూమికొరకు, బలముకొరకు జరిగిన పోరు.

ఇట్లు కారణములు చెప్పినంతమాత్రమున ఇబ్రహీము ఋణము తీరిపోదు. విభీషణుడు రామునిపై విల్లెత్తలేదు. అన్నము పెట్టిన చేయి నరకబడిన రణమున ఇబ్రహీము ఎదుటి పక్షమున నిలిచెనను మాట చరిత్రలో చెరగదు. చెరపుట న్యాయమును కాదు. అయినచో రామరాయలు చేసిన ఉపకారము వ్యర్థమా?

వ్యర్థము కాదని నా విన్నపము. విత్తనము నాటినవాడే పండు తినవలెనను నియమము తోటలో లేదు, ధర్మమునందును లేదు. రామరాయలకు రావలసినది రామరాయలకు రాలేదు. కాని విజయనగరము కూలిన పిమ్మట తెలుగు కవికి పెనుగొండతోపాటు గోలకొండయు ఒక నీడయ్యెను. శరణాగతునకు ఏడేండ్లు పెట్టిన అన్నము ముప్పది యేండ్లు కవులకు అగ్రహారమై, అంకితమై మరలి వచ్చెను. ఇబ్రహీము కుమారుడగు మహమ్మదు కులీ 1591లో హైదరాబాదును కట్టించెను. తాను దక్కనీ భాషలో కవిత్వము చెప్పుచు అందు తెలుగు మాటలను కూర్చెను. ఆ వంశమున కడపటివాడగు తానాషా కూచిపూడి భాగవతులకు వారి గ్రామమును అగ్రహారముగా నిచ్చెనని నేటికిని చెప్పుకొందురు. రాజ్యములు రెండును పోయినవి. విజయనగరము 1565లో పాడుపడగా, గోలకొండ 1687లో ఔరంగజేబునకు చిక్కెను. మిగిలినది తపతీసంవరణము, మిగిలినది యయాతిచరిత్రము.

గ్రామపెద్దలారా! మీకు దండులు లేవు, దుర్గములు లేవు. కాని వాకిళ్లున్నవి. మన పల్లెలలో పీర్లపండుగనాడు పీరు నెత్తుకొనువారిలో హిందువులును కలరు. దర్గాలో మ్రొక్కు చెల్లించు ఇల్లాండ్రలో బొట్టు పెట్టుకొన్నవారును కలరు. దీనిని ఏ సుల్తానును ఫర్మానా వ్రాసి నేర్పలేదు. ఇరుగుపొరుగులు తరతరములుగా కూర్చుకొన్న చుట్టరికమిది. ఊరిలో మాటపట్టింపులు వచ్చునప్పుడు దీనిని కాపాడు భారము మొదట మీపైననే పడును. కరవుచేతనో కలహముచేతనో ఇల్లు విడిచి మీ యూరు చేరిన పరమతస్థుని చూచినప్పుడు, "వీడు రేపు నాకు మేలు చేయునా?" యని లెక్క వేయకుడు. ఆ లెక్క రామరాయలకే తేలలేదు. విస్తరి వేయుడు. ఫలము ఎవరి యింట, ఏ భాషలో, ఎన్నేండ్లకు పండునో కాలమునకు విడుచుట మేలు.