వెట్టిచాకిరి - పనివారి హక్కులు

ములుగు అనగానే మనకు పాలంపేట రామప్పగుడి, లక్నవరము చెరువు, మేడారము జాతర స్ఫురించును. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిని చూచినవారెల్లరు శిల్పుల నేర్పును కొనియాడుదురు. ఆ రాళ్లను మోసినవారికి కూలి యెంత ముట్టెనో, దెబ్బ తగిలి మూలబడినవానికి గంజి యెవరు పోసిరో అడుగువారు అరుదు. ఆ ప్రశ్నను అంత వెనుకకు పోక, మన తాతల కాలము నుండి అడిగి చూతము. పనిచేసినవానికి న్యాయముగా రావలసినది యేమి? అది తనకు రావలసినదని అతనికి తెలియుట యెట్లు?

నిజాము పాలనలో ఓరుగల్లు, నల్లగొండ ప్రాంతములలో వెట్టి అనునది పల్లె జీవితమునంతటిని పట్టిన ఏర్పాటు. అధికారి దౌరాకు వచ్చినచో సామాను మోయవలెను. ఉత్తరములను పై ఊరికి చేరవేయవలెను. కుమ్మరి కుండలను, గొల్ల గొఱ్ఱెను ఊరకయే ఇయ్యవలెను. చాకలి, మంగలి దొర యింట కూలి లేక పనిచేయవలెను. కోమటి సైతము అడిగిన సరకును చెప్పిన ధరకు ఇయ్యవలసినదే. దీనికి వేళ లేదు, వేతనము లేదు, కాగితము లేదు.

దీని సరసనే భగేలా యుండెడిది. పెండ్లికో కరవుకో తెచ్చిన అప్పునకు బదులుగా మనిషి ఆసామి యింట జీతమునకు కుదురును. ఏండ్లు గడచినను అప్పు తరుగదు. తండ్రి తరువాత కొడుకు వంతు వచ్చును. ఇక్కడ కాగితము కలదు. కాని అది యుండునది అప్పిచ్చినవాని పెట్టెలో. అందు పనివానిది వేలిముద్ర యొక్కటియే. అడవి ప్రాంతములును దీనికి మినహాయింపు కాదు. గోదావరి వెంబడి కొండరెడ్లు కలప వ్యాపారుల అప్పులలో చిక్కుకొనిన విధమును మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1945లో ప్రచురించిన గ్రంథమున వర్ణించెను.

చట్టము బొత్తిగా లేదా యన్నచో, కలదు. వెట్టిని అదుపు చేయుటకు ప్రభుత్వపుటుత్తరువులు వెలువడినవి. 1936లో భగేలా ఒప్పందములపై నిబంధన వచ్చెను. కాని పాలనా భాష ఉర్దూ, పల్లెవాని భాష తెలుగు. పైగా ఉత్తరువును అమలు జరుపవలసినవాడును, వెట్టిని అనుభవించువాడును పెక్కుచోట్ల ఒక్కడే. ఈ చిక్కును గుర్తించినవారిలో మాడపాటి హనుమంతరావుగారు ముఖ్యులు. 1921లో హైదరాబాదున వెలసిన ఆంధ్రజనసంఘము వెట్టిచాకిరి, వర్తక స్వాతంత్ర్యము మొదలగు విషయములపై తెలుగున చిన్న పుస్తకములు ప్రచురించెను. ఆ పుస్తకములు వెట్టిని తొలగింపలేకపోయినను, అది విధివ్రాత కాదనియు, దానికి హద్దులున్నవనియు మొదటిసారిగా పల్లెకు చెప్పినవి. 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ ప్రారంభమైన పిదప ఆ మాట సభలకెక్కెను. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకికి బలియగునాటికి అది పోరాటమై యుండెను.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని, నిర్బంధ శ్రమను నిషేధించెను. అయినను అప్పు కాగితములు చిరుగలేదు. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము, 1975 అక్టోబరు 25 నుండి వర్తించునట్లు, అట్టి అప్పులన్నిటిని రద్దుచేసి, వెట్టి చేయించుకొన్నవానికి మూడేండ్ల వరకు శిక్ష విధించెను. ఆ చట్టము పేర్కొన్న పద్ధతులలో భగేలా, జీతము, పాలేరు, వెట్టి అను మన మాటలు నాలుగును కలవు.

ఈలోగా కర్మాగార కార్మికులకు వేరొక బాట పడినది. 1948లో కనీస వేతనముల చట్టము, ఉద్యోగుల రాజ్యబీమా చట్టము, 1952లో భవిష్యనిధి చట్టము, 1961లో ప్రసూతి సౌకర్యముల చట్టము, 1972లో గ్రాట్యుటీ చట్టము వరుసగా వచ్చినవి. ములుగు ప్రాంతమున వీని విలువ తెలియవలెనన్న మంగపేట దగ్గరి కమలాపురమును తలచుకొనవలెను. కలప నుండి రేయాను గుజ్జు తీయు అచ్చటి కర్మాగారము 2014లో ఆగిపోయెను. యంత్రము ఆగిననాడు పనివాడు అడుగవలసినవి మూడు. మొదటిది, చేసిన పనికి రావలసిన జీతము. రెండవది, తన జీతము నుండి కోసినదియు యజమాని చేర్చినదియు కలిసిన భవిష్యనిధి. మూడవది గ్రాట్యుటీ: ఐదేండ్ల సేవ నిండినవానికి ఏటికి పదునైదు దినముల వేతనము చొప్పున ముట్టవలసినది. సంస్థ దివాలా తీసినను భవిష్యనిధి, గ్రాట్యుటీ నిధుల సొమ్ము అప్పులవారి పాలు కారాదని 2016 నాటి దివాలా స్మృతి చెప్పుచున్నది. పరిసమాప్తికి ముందటి ఇరువదినాలుగు నెలల కార్మికుల బాకీలకు, హామీ గల అప్పులతో సమానమైన స్థానమిచ్చినది.

1982లో సుప్రీంకోర్టు ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల వ్యాజ్యమున మరియొక గొప్ప మాట చెప్పెను. కనీస వేతనము కంటె తక్కువకు పని చేయించుటయు నిర్బంధ శ్రమయే యనెను. ఆకలిచే ఒప్పుకొనినది ఒప్పుకోలు కాదని దీని భావము. పాత వెట్టికిని, నేటి తక్కువ కూలికిని గల బంధుత్వము ఆ తీర్పుతో బయటపడినది.

2025 నవంబరు 21 నుండి పై కార్మిక చట్టములలో పెక్కింటి స్థానమున నాలుగు కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చినవి. అవి నియామకపత్రము ఇయ్యవలెనను విధిని చేర్చినవి. నిర్ణీత కాలమునకు కుదిరినవారికి ఒక యేడాది సేవతోనే గ్రాట్యుటీ హక్కు కల్పించినవి. వెట్టివానికి లేని కాగితము, భగేలావాని చేత చిక్కని కాగితము, నేడు పనివాని చేతికి రావలసియున్నది.

కావున మీ యింట ఎవరైనను కర్మాగారమునకో దుకాణమునకో పోవువారుండినచో, ఈ సాయంకాలము నియామకపత్రము, జీతపు చీటీ, భవిష్యనిధి సంఖ్య తీసి చూడుడు. చదువరాని పొరుగువారికి చదివి వినిపింపుడు. మీ యింట పనిచేయువారు ఎవరైనను ఉండినచో, వారికి ఇచ్చు కూలిని, ఇచ్చిన బదులును ఒక పుస్తకమున వ్రాసి, ఆ పుస్తకమును వారి చేతికే ఇండు. శతాబ్దము క్రిందట చిన్న పుస్తకములు అచ్చువేసినవారు మొదలుపెట్టిన పని యదియే.