పిడికెడు బియ్యము



శతాబ్ది ఉత్సవముల వేళ మనము దేవాలయముల పునాదిరాళ్ళను, బిషప్పుల పేర్లను తలచుకొందుము. అది తగినదే. కాని మోత్కూరు వైపు మన మెట్టచేల ఊళ్ళలో క్రైస్తవ ప్రేమ ఏ వాకిట నడిచినదో, ఏ వంటింట వండబడినదో ఎవరును రాతిమీద చెక్కలేదు. ఆ సంగతి కొంత వ్రాయవలెనని మా కోరిక.

1890లో అబ్రహాము ఫ్రీసెన్ దొరగారు సతీసమేతముగా నల్లగొండలో కాపురము పెట్టిరి. వారు రష్యా దేశపు మెనోనైట్ బ్రదరన్ సంఘస్థులు. వారి ఊళ్ళు ఈనాటి ఉక్రెయిన్‌లో ఉన్నవి. అమెరికన్ బాప్టిస్టు మిషనుతో కలిసి వారు పనిచేసిరి. తరువాత హ్యూబర్టు దొరగారు సూర్యాపేటలో పని ప్రారంభించిరి. వీరిని పోషించినది రాజులు కారు, జమీందారులు కారు. గోధుమలు పండించుకొను రైతులు, నల్లగొండను కంటితో చూడనివారు, తమ పంటలో నుండి కానుక తీసి పంపిరి.

ఆ రైతుల గతి ఏమైనదో మనలో చాలమందికి తెలియదు. 1917 విప్లవము, ఆ పిమ్మట అంతర్యుద్ధము, 1921-22లో ఘోరమైన కరువు. ఒకనాడు మన జిల్లాకు కానుక పంపిన ఆ సీమలోనే జనము ఆకలితో చనిపోయిరి. అమెరికా, కెనడా దేశముల మెనోనైట్లు 1920లో మెనోనైట్ సెంట్రల్ కమిటీని ఏర్పరచి, 1922లో అక్కడ అన్నశాలలు తెరచిరి. అదే కమిటీ 1940లలో వంగదేశపు కరువు బాధితులను ఆదుకొనుటకు మన దేశమునకు వచ్చెను. ఇచ్చిన చేయి పుచ్చుకొనవలసి వచ్చినది, పుచ్చుకొన్న చేయి మరల ఇచ్చినది.

శంషాబాద్‌లో వైద్యము చేసిన డాక్టరు కాతరీనా షెల్లెన్‌బర్గ్ అమ్మగారు కూడ ఆ సంఘపు బిడ్డయే. 1907లో మన దేశమునకు వచ్చి, 1945లో మరణించువరకు రోగుల సేవలోనే ఉండిరి.

ఇక దోర్నకల్ వైపు చూతము. వేదనాయకం సామ్యూల్ అజరయ్య గారు తిరునెల్వేలి తమిళులు. తెలుగు నేర్చుకొని మన మధ్యకు వచ్చిరి. 1910లో ఎడిన్‌బరో మహాసభలో లేచి, మిషనరీలు ఎంత త్యాగము చేసినను తోటి భారతీయులను బల్లయొద్ద సమానులుగా కూర్చుండబెట్టుకొనుట లేదని, మాకు స్నేహితులు కావలెనని నిర్మొహమాటముగా అడిగిరి. సభలో కొందరికి అది రుచించలేదు. రెండేండ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో ఆయన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తులైరి.

దొరలను అడిగిన ప్రశ్ననే బిషప్పుగారు తమ సంఘస్థులను కూడ అడిగిరి. మాలలు, మాదిగలు బాప్తిస్మము పొందిన పిదప కూడ వేర్వేరు బావులు, వేర్వేరు బంతులు విడువకుండిరి. ఒకే ప్రభువు బల్లయొద్ద కలిసి మోకరించినవారు ఇంటికి పోయి ఒకరి చేతి నీళ్ళు ఒకరు త్రాగకపోయిన, ఆ ప్రేమ గుడి గడప దాటలేదన్నమాట. ఈనాడు బావుల కాలము పోయినది, కుళాయిలు వచ్చినవి. పెండ్లి సంబంధములలో మాత్రము మన పెద్దలు ముందుగా అడుగునది ఏమిటో మనకందరకు తెలియును. ఉత్సవ సంచికలో ఇది వ్రాయదగినదా అని కొందరనవచ్చును. వ్రాయదగినదే అని మా అభిప్రాయము.

మురికి, రోగము, అప్పు, త్రాగుడు: ఈ నాలుగింటిని బిషప్పుగారు నాలుగు దయ్యములని పిలిచెడివారు. వీటిని వెళ్ళగొట్టుట ప్రసంగముతో అగుపని కాదు. కల్లు మానిన తండ్రి కూలిడబ్బులు ఇల్లు చేరును, ఇల్లాలికి దెబ్బలు తప్పును. పొరుగువారు చూచునది దీనినే. 1930 ప్రాంతమున దోర్నకల్ సీమలో శూద్ర కులస్థులు కూడ సంఘములోనికి రాసాగిరి. వారిని కదిలించినది, తాము అంటరానివారని దూరముంచిన వారి బ్రతుకులు మారుట. పికెట్ దొరగారు 1933లో ప్రకటించిన గ్రంథములో ఇట్టి సంగతులను పరిశీలించి వ్రాసిరి.

పిడికెడు బియ్యపు సంగతి చెప్పక ముగించలేము. ఎసట్లో పోయుటకు బియ్యము కొలుచునప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయును. జొన్నలు తిను ఇంట జొన్నలే. ఆదివారము ఆ కుండ గుడికి వచ్చును. దానిని అమ్మిన సొమ్ము సంఘపు ఖర్చులకు, దిక్కులేనివారికి పోవును. ఆ పిడికెడు ఇంటిలో మిగిలినది కాదు, పిల్లల కంచములోనిదే. సంఘపు లెక్కలలో శేర్లు, సోలలు వ్రాసిరి. కూలి దొరకని దినమున కూడ ఆ పిడికెడు తీసి, రాత్రి సగము కడుపుతో పండుకొన్న అమ్మల పేర్లు వ్రాయలేదు.