బ్రెరెటన్ పక్కటెముకలు

1989 సెప్టెంబర్ 30. మెల్బోర్న్ క్రికెట్ గ్రౌండ్. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ గ్రాండ్ ఫైనల్, హాథోర్న్‌కీ జీలాంగ్‌కీ మధ్య. అంపైర్ బంతిని నేలకేసి కొట్టాడు, అది గాల్లోకి లేచింది. అందరి కళ్ళూ బంతి మీదే. పసుపూ గోధుమరంగూ చారల బనీను, రంగేసిన పొడవాటి జుట్టుతో ఒక పాతికేళ్ళ కుర్రాడు కూడా బంతినే చూస్తూ ముందుకి పరిగెత్తాడు. పక్కనుంచి జీలాంగ్ ఆటగాడు ఒకడు వచ్చాడు. వాడు మాత్రం బంతిని చూడట్లేదు. నేరుగా వచ్చి ఈ కుర్రాణ్ణి గుద్దేశాడు.

ఆట మొదలై పట్టుమని పది సెకన్లు కూడా కాలేదు. పడ్డవాడు డెర్మాట్ బ్రెరెటన్, కొట్టినవాడు మార్క్ యేట్స్. బ్రెరెటన్‌కి పక్కటెముకలు విరిగాయి, లోపల కిడ్నీకి కూడా దెబ్బ తగిలింది. లేచాడు, వంగి వాంతి చేసుకున్నాడు. బయటికి తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళని పొమ్మన్నాడు. కాసేపటికే గోల్‌పోస్టుల ముందు బంతి పట్టుకుని గోల్ కొట్టాడు.

ఈ వీడియో నాకు మొదటిసారి చూపించింది మెల్బోర్న్‌లో మా క్లయింట్ ఆఫీసులో పనిచేసే ఒక పెద్దాయన. ఆన్‌సైట్‌కి వెళ్ళిన కొత్తలో లంచ్ టైంలో ఆ ఆట గురించి అడిగితే, రూల్స్ చెప్పకుండా ఇది పెట్టాడు. "ఇది చూస్తే చాలు, మిగతాది తర్వాత అర్థమవుతుంది" అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ రాత్రి రూమ్‌కెళ్ళి ఇంకో నాలుగుసార్లు చూశాను. నాలుగోసారి ఒక ప్రశ్న వచ్చింది. యేట్స్ ఎందుకు కొట్టాడు? దానికి జవాబు వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే దొరికిన చరిత్రే ఈ వ్యాసం.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. ఒక్కో జట్టుకి పద్దెనిమిది మంది, కోలగా ఉండే మైదానం, కోలగా ఉండే బంతి, రెండు వైపులా నాలుగేసి నిలువు స్తంభాలు. మధ్య రెండు స్తంభాల మధ్యనుంచి తన్ని పంపిస్తే గోల్, ఆరు పాయింట్లు. పక్క సందుల్లోంచి వెళ్తే ఒక్క పాయింటు. ఇంకొకడు తన్నిన బంతిని నేల తాకకముందే చేతుల్తో పట్టుకుంటే 'మార్క్' అంటారు. అలా పట్టినవాడికి ఎవరూ అడ్డం రాకుండా తన్నే హక్కు వస్తుంది. బంతి దగ్గర్లో ఉన్నవాణ్ణి భుజంతో గుద్దడం ఆటలో భాగమే. ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. 1859లో మెల్బోర్న్‌లో టామ్ విల్స్ వాళ్ళంతా కూర్చుని రాసుకున్న మొదటి రూల్స్‌లోనే తొయ్యొచ్చు, కాలు అడ్డం పెట్టొచ్చు అని ఉంది. ప్రత్యర్థి కాళ్ళ మీద తన్నడం మాత్రం కుదరదన్నారు. అంటే పుట్టినరోజు నుంచే ఈ ఆట ఎంత హింస ఒప్పుకోవాలో బేరమాడుతూ వచ్చింది.

ఆ బేరంలో ఎక్కువ లాభపడేది ఫార్వర్డ్. బంతి ఎత్తుగా గాల్లో వస్తుంటుంది, దాని కింద అయిదారుగురు గుంపుగా కాచుక్కూర్చుంటారు. దూరంనుంచి పరిగెత్తుకొచ్చి ఆ గుంపు మీద పడేవాడు బంతి పట్టినా పట్టకపోయినా ఒక పని మాత్రం చేసిపోతాడు. ఇంకోసారి బంతి వచ్చినప్పుడు డిఫెండర్ బంతిని కాకుండా ఒక్క క్షణం వీడెక్కడున్నాడో అని చూస్తాడు. ఆ ఒక్క క్షణం చాలు. భయపెట్టడం అక్కడ కోపం వల్ల వచ్చేది కాదు, అదొక పనితనం.

బ్రెరెటన్ ఆ పనితనంతోనే పుట్టినట్టు వచ్చాడు. పద్దెనిమిది నిండిన కొత్తలో, 1982లో, ఏకంగా సెమీఫైనల్లో మొదటి మ్యాచ్ ఆడి అయిదు గోల్స్ కొట్టాడు. మరుసటేడు, పంతొమ్మిదేళ్ళకి, కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. 1985 ఫైనల్లో ఎసెండన్ చేతిలో హాథోర్న్ చిత్తుగా, 78 పాయింట్ల తేడాతో ఓడింది. ఆ ఓడిన జట్టులోనే ఇరవై ఒక్కేళ్ళ బ్రెరెటన్ ఎనిమిది గోల్స్ కొట్టాడు. 1988లో ఒక మ్యాచ్ విరామంలో అదే ఎసెండన్ ఆటగాళ్ళంతా గుమిగూడి కోచ్ చెప్పేది వింటుంటే, ఆ గుంపు మధ్యలోంచి భుజాలు రాసుకుంటూ దూసుకుపోయాడు. బంతి లేదు, ఆట ఆగి ఉంది. మన మాటల్లో చెప్పాలంటే తొడకొట్టడం. హాథోర్న్ అభిమానులు ఆ సంఘటనని ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు.

ఈ కుర్రాడికి జట్టులో పెద్దన్న లాంటివాడు లీ మాథ్యూస్. 332 మ్యాచ్‌లు, 915 గోల్స్. 1985లో జీలాంగ్‌తో మ్యాచ్‌లో, బంతి ఇంకెక్కడో ఉండగా, మాథ్యూస్ నెవిల్ బ్రన్స్ అనే ఆటగాణ్ణి కొట్టి దవడ విరగ్గొట్టాడు. ఈసారి విషయం మైదానంలో ఆగలేదు. పోలీసులు కేసు పెట్టారు, కోర్టు దాడి నేరం కింద శిక్ష వేసింది, అప్పీల్లో ఆ తీర్పు కొట్టేశారు. లీగ్ మాత్రం నాలుగు వారాలు అతని రిజిస్ట్రేషనే రద్దు చేసింది. మైదానం గీత లోపల దేశపు చట్టం నడుస్తుందా లేదా అనే ప్రశ్న మొదటిసారి అంత గట్టిగా అడిగింది అప్పుడే. ఆ ఏడాది ఫైనల్‌తో మాథ్యూస్ రిటైరయ్యాడు. ప్రశ్న మాత్రం రిటైరవ్వలేదు.

ఇక 1989. ఆ సీజన్ ఆరో రౌండులో ఇవే రెండు జట్లు ప్రిన్సెస్ పార్కులో ఆడాయి. హాథోర్న్ 171, జీలాంగ్ 163. ఒక దశలో యాభై పాయింట్లకి పైగా వెనకబడి కూడా హాథోర్న్ గెలిచిన మ్యాచ్ అది. ఆ మ్యాచ్‌లో యేట్స్‌ని గట్టిగా దెబ్బకొట్టింది ఎవరో కాదు, బ్రెరెటనే. సెప్టెంబర్‌లో జరిగింది దానికి వడ్డీతో సహా చెల్లింపు. అప్పటికప్పుడు వచ్చిన కోపం కాదు, ముందే అనుకుని వచ్చిన పని.

వీడియో క్లిప్ ఎప్పుడూ సెప్టెంబర్‌లోనే మొదలవుతుంది. మే నెలలో మొదలుపెడితే కథ మారిపోతుంది. అప్పుడు అన్యాయంగా దెబ్బతిన్న హీరో ఉండడు. వరసలో తన వంతు వచ్చిన ఒక మనిషి ఉంటాడు, అంతే.

అయినా సరే, ఆ మ్యాచ్ చూడాల్సిందే. జీలాంగ్ తరఫున గ్యారీ అబ్లెట్ ఒక్కడే తొమ్మిది గోల్స్ కొట్టాడు. సగం ఆట అయ్యాక హాథోర్న్ కోచ్ అలన్ జీన్స్ తన ఆటగాళ్ళకి ఒక కుర్రాడు బూట్లు కొనుక్కోవడానికి కొట్టుకెళ్ళిన కథ చెప్పాడు. దాని సారం ఒక్కటే: మంచిది కావాలంటే దాని ధర చెల్లించాలి. జీన్స్ పోలీసు ఉద్యోగం చేసినవాడు, మాట సూటిగా ఉంటుంది. చివరి విరామానికి హాథోర్న్ 36 పాయింట్లు ముందుంది. అక్కణ్ణుంచి జీలాంగ్ తరుముకొచ్చింది. ఆఖరికి 144–138. ఆరు పాయింట్లు, అంటే ఒక్క గోల్ తేడా. విరిగిన పక్కటెముకలతో బ్రెరెటన్ కొట్టినవి మూడు గోల్స్. ఆ లెక్క చేస్తే ఎవరికైనా చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. నేనూ కొట్టాను.

ధర చెల్లించింది బ్రెరెటన్ ఒక్కడే కాదు. రాబర్ట్ డిపియర్‌డొమెనికో ఊపిరితిత్తికి చిల్లు పడినా ఆట చివరిదాకా పరిగెత్తి, అక్కణ్ణుంచి ఆస్పత్రికెళ్ళాడు. జాన్ ప్లాటెన్ అనే పొట్టివాడు, రెండేళ్ళ ముందు లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా బ్రౌన్‌లో మెడల్ పంచుకున్నవాడు, తలకి దెబ్బ తగిలి దిమ్మెరపోయి బయటికొచ్చాడు. పక్కటెముకల కథ అందరికీ తెలుసు. ఊపిరితిత్తి కథ చాలామందికి తెలుసు. తల కథ ఎవరూ అంత సంబరంగా చెప్పుకోరు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, అది కథగా పనికొస్తుంది. తల సంగతి అలా కాదు. ఆ తర్వాత చాలా ఏళ్ళకి ప్లాటెన్ తన మతిమరుపు గురించి బయటికి చెప్పుకున్నాడు.

ఇక్కడ నా సొంత సంగతొకటి చెప్పాలి. ఇంజనీరింగ్ మూడో ఏట అంతర కళాశాలల కబడ్డీలో నేను కూతకెళ్ళి, పట్టులో పడి, ఇంకొకడి మోకాలు కణతకి తగిలి పడ్డాను. లేచానట. నీళ్ళు చల్లారట. మళ్ళీ కూతకెళ్ళి ఇద్దర్ని అవుట్ చేసి వచ్చానట. ఈ 'అట'లన్నీ ఎందుకంటే అందులో నాకేదీ గుర్తులేదు. సాయంత్రం హాస్టల్ మెస్సులో కూర్చున్న దగ్గర్నుంచే గుర్తుంది. పదిహేనేళ్ళయినా మావాళ్ళు ఎవరి పెళ్ళిలో కలిసినా ఈ కథే తీస్తారు, "వీడు మామూలోడు కాదురా" అంటూ. నేనూ నవ్వుతూ వింటాను. నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క వీరపని, అక్కడ నేను లేను. ఆ రోజు నన్ను కూర్చోబెట్టాలని ఒక్కరికీ తోచలేదు. ఒకవేళ తోచినా నేనే ఒప్పుకునేవాణ్ణి కాదు.

బ్రెరెటన్ తర్వాతి రోజుల్ని ఆ క్లిప్ చూపించదు. 1994లో సిడ్నీకి మారాడు. తన పాత జట్టు ఆటగాడి తల మీద కాలు వేసినందుకు ఒకసారి, ఇంకొకరి దవడ విరగ్గొట్టినందుకు ఇంకోసారి సస్పెండయ్యాడు. ఆ ఏడాది మొత్తం మీద ఆడినవి ఏడు మ్యాచ్‌లే. అతని నోటి దూకుడు సంగతి కూడా ఉంది. వెస్ట్ కోస్ట్ జట్టులో ఆడిన ఆదివాసీ ఆటగాడు క్రిస్ లూయిస్‌ని జాతి పేరుతో దూషించానని తర్వాత తనే ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. ప్రత్యర్థిని రెచ్చగొట్టడానికి ఏదైనా వాడుకోవచ్చనే కాలం అది. 1993లో నిక్కీ విన్మార్ బనీను పైకెత్తి తన నల్లని ఒంటిని వేలితో చూపించాక, 1995లో మైకేల్ లాంగ్ ఫిర్యాదు చేశాక గానీ జాతి దూషణ మీద లీగ్‌లో రూల్ రాలేదు. ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడిలో మనం మెచ్చుకున్న గుణమూ, ముప్పై ఏళ్ళవాడిలో మనం తప్పుపట్టిన గుణమూ వేరువేరు కావు. మారింది ఎవరికి తగిలిందనేదే.

అదే 1994లో సెయింట్ కిల్డా ఫార్వర్డ్ టోనీ లాకెట్ మోచేత్తో సిడ్నీ ఆటగాడు పీటర్ కేవెన్ ముక్కు పగలగొట్టాడు. అదే మ్యాచ్‌లో పదకొండు గోల్స్ కొట్టి తన జట్టుని ఒక్క పాయింటుతో గెలిపించాడు. ఎనిమిది మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది. మరుసటేడు అతన్ని ఏరికోరి తెచ్చుకున్న జట్టేదో తెలుసా? సిడ్నీయే. జనం పిచ్చిగా ప్రేమించారు. దూకుడుని తప్పుపట్టేది అది ఎదుటి జట్టులో ఉన్నంత కాలమే.

ఆటని మార్చింది నీతి కాదు, మెదడు. జీలాంగ్‌కి ఆడిన మహా ఆటగాడు పాలీ ఫార్మర్ 2019లో పోయాక ఆయన మెదడుని పరీక్షిస్తే, పదే పదే తలకి దెబ్బలు తగిలినవాళ్ళలో కనిపించే సీటీఈ అనే జబ్బు బయటపడింది. ఈ లీగ్ ఆటగాళ్ళలో అది నిర్ధారణ అయిన మొదటి మనిషి ఆయనే. లాకెట్‌తో కలిసి ఆడిన సెయింట్ కిల్డా కెప్టెన్ డానీ ఫ్రాలీ మెదడులోనూ అదే కనబడింది. 2021 నుంచి తల అదిరిన ఆటగాడు కనీసం పన్నెండు రోజులు ఆడకూడదని లీగ్ రూల్ పెట్టింది. 2023లో మాజీ ఆటగాళ్ళు లీగ్ మీద విక్టోరియా సుప్రీం కోర్టుకెక్కారు. వాళ్ళ తరఫున ముందు నిలబడ్డ మ్యాక్స్ రూక్ కూడా జీలాంగ్ ఆటగాడే. 1985లో బ్రన్స్ దవడ దగ్గర మొదలైన ప్రశ్న మళ్ళీ కోర్టు మెట్లెక్కింది. అప్పుడు కొట్టినవాణ్ణి నిలబెట్టారు. ఇప్పుడు కొట్టించుకుంటూ ఆడనిచ్చిన వ్యవస్థని నిలబెడుతున్నారు.

ఇండియాకి తిరిగొచ్చే ముందు ఆ పెద్దాయనని అడిగాను, ఆ మ్యాచ్ రోజు మీరెక్కడున్నారని. గ్రౌండ్‌లోనే, జీలాంగ్ వైపు, అన్నాడు. యేట్స్ గుద్దినప్పుడు ఏం చేశారు? "లేచి అరిచాను, సంతోషంతో" అన్నాడు. మరి బ్రెరెటన్ గోల్ కొట్టినప్పుడు? ఆయన కాసేపు ఆగి, "అప్పుడు కూడా లేచే ఉన్నాను, కానీ నోట్లోంచి మాట రాలేదు" అన్నాడు.

మొన్న ఒక పెళ్ళిలో మావాళ్ళు మళ్ళీ నా కబడ్డీ కథ మొదలుపెట్టారు. ఈసారి నవ్వకుండా అడిగాను: "ఆ మోకాలు ఎవడిదిరా? వాడి పేరేంటి?" ఒక్కడికీ గుర్తులేదు.